గురివింద కింది నలుపు

ఒకటో రోజు

ఫలితాలు వచ్చాయి. ఎమ్మెస్సీ భూగర్భజలం, మొదటి శ్రేణి. వార్డెనమ్మ సంతోషం పట్టలేక పాసైనవాళ్ళందరికీ తలా ఒక చెంబు నీళ్ళు అదనంగా పోయించింది. నేను ముఖం కడుక్కున్నాను. రెండేళ్ళుగా పొడి స్నానాలకు అలవాటుపడ్డ చర్మం ఉలిక్కిపడింది.

పట్టాతో పాటు ఈ పుస్తకం చేతిలో పెట్టారు. రోజూ చేత్తోనే రాయాలి. చివరి పేజీలో రెండు గళ్ళు గీసి ఉన్నాయి. ఒకదాని మీద నా పేరు: ఓబులేశ్వరి. రెండోదాని మీద తిరుమలాంబ.

తిరుమలాంబ మేడమ్ చనిపోయి పదిహేనేళ్ళయింది. ఏడో వినికిడి కేంద్రంలో ఇరవై రెండేళ్ళు చెవికి మిషను తగిలించుకుని, రాతి అడుగున నీళ్ళు ఎటు కదులుతున్నాయో విన్న మనిషి. ఆవిడ నేర్చిందంతా ఒక గింజలో ఉంది. చేరిన రోజున దాన్ని నా చెవి వెనక పెట్టారు. ఎర్రగా ఉండి అడుగున నల్లచుక్క ఉంటుంది కాబట్టి మేమంతా గురివింద అంటాం. మా చదువంటే ఇదే. రెండేళ్ళు ఆవిడకు తెలిసింది నాకూ తెలుస్తూ వచ్చింది, నేను పరీక్షలు రాశాను.

ఇప్పుడు నలభై రోజుల్లో తేల్చుకోవాలి. గింజను ఉంచుకుంటే అది వేళ్ళూని కరిగిపోతుంది, కేంద్రంలో ఉద్యోగం ఖాయం, తిరుమలాంబతో బతుకంతా కాపురం. తిరిగి ఇచ్చేస్తే ఆవిడ గడిలో రాసినవన్నీ నాలోంచి తీసేస్తారు. పట్టా కాగితం మిగులుతుంది, చదువు మిగలదు, ఎక్కడికైనా పోవచ్చు. మొదటి పేజీలో అచ్చువేసిన సూచన ఒక్కటే: ‘సబ్జెక్టుకు సంబంధించినది గురువుది, తక్కినది మీది.’ ఇంత తేలిక పరీక్ష రెండేళ్ళలో ఒక్కటీ పెట్టలేదు.

దరఖాస్తులో గుర్తింపు మచ్చలు అడిగారు. కుడి చెవి పైఅంచున కాలిన మచ్చ అని రాశాను. ఎప్పుడు కాలిందో గుర్తులేదు.

మూడో రోజు

పన్నెండింటికి సైరన్ మోగింది. ఊళ్ళో మోటార్లన్నీ ఆగాయి, బస్సులు ఆగాయి, టీ కొట్టు దగ్గర మాటలు ఆగాయి. కేంద్రాల్లో వినేవాళ్ళ కోసం రోజూ గంట మౌనం. చిన్నపిల్లలు కూడా ఏడుపు ఆపి తల్లుల మొహాలు చూస్తారు.

నాకు తెలియకుండానే లేచి వెళ్ళి గోడకు చెవి ఆనించాను. లోపల, చాలా లోపల, ఏదో కదిలినట్టయింది. వెంటనే మనసులో ఒక మాట: చాలు.

అవును, చాలు. రెండేళ్ళు చదివి చదివి విసుగెత్తింది. గోడకు చెవి పెట్టించింది మేడమ్, చాలంది నేను. అలాగే రాశాను. తిరుమలాంబ గడిలో: ‘వినాలన్న యావ.’ నా గడిలో: ‘ఇక చాలు.’ ఇంకో రెండు కూడా తేలాయి. ఊరికి పోయి రెండు సెంట్ల జాగాలో కనకాంబరాలు వేసుకోవాలన్న కోరిక నాది. చెవికి మిషను లేకుండా నిద్రపోవాలన్నది కూడా నాదే.

ఆరో రోజు

సుంకన్న వచ్చాడు. వాడిది రాతిపొరల శాస్త్రం. పుట్టినప్పటి నుంచి జేబునిండా రాళ్ళే అని వాళ్ళమ్మ చెబుతుంది. వాడు నడుస్తుంటే గలగలమని చప్పుడు. దారిలో ఒక గులకరాయి దొరికితే దాని వంశవృక్షం విప్పుతాడు, వినకపోతే అలుగుతాడు.

“నేను ఇచ్చేస్తాండానే ఓబులీ, పన్నెండో రోజే పోయొస్తా. మా సారు నాలోంచి ఎప్పుడు దిగిపోతాడా అని చూస్తాండా” అన్నాడు.

“ఏమంత తొందర? ఆయన నిన్నేమైనా కరుస్తాండాడా?”

“పొద్దున్నే ఆరింటికి లేసి పేపరు యాడ అంటాండానే. మా ఇంట్లో పేపరు ఎవురు తెప్పిస్తారు?”

నవ్వుకున్నాం. తర్వాత ఇద్దరం అరుగు మీద కూర్చుని వీధి చూశాం. గింజలు తిరిగి ఇచ్చేసిన సీనియర్లు షికారు నుంచి వస్తున్నారు. ఇరవై ఐదు, ఇరవై ఆరేళ్ళవాళ్ళు. చేతులు వెనక్కి కట్టుకుని, నెమ్మదిగా, రోడ్డు పక్కనే నడుస్తారు. ఎవరి మీదా కోపం ఉండదు. ఇచ్చేశాక మనిషికి ఎంత ప్రశాంతత వస్తుందో చూడండి అని పిల్లల తల్లిదండ్రులకు వీళ్ళనే చూపిస్తుంది కాలేజీ.

“మనమూ అట్లయిపోతామంటావా?” అన్నాడు సుంకన్న.

“నువ్వా? ప్రశాంతంగానా? రాళ్ళే కరిగిపోవాల” అన్నాను.

పదిహేనో రోజు

సుంకన్నను చూడటానికి వెళ్ళాను. గింజ తీసి మూడు రోజులైంది. వసారాలో పడక్కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో పేపరు ఉంది.

“రామ్మా, కూర్చో” అన్నాడు.

వాడు నన్ను ‘రామ్మా’ అనడం ఇదే మొదలు. ఎగతాళి అనుకుని వీపు మీద ఒకటి వేశాను. నవ్వలేదు, కోప్పడలేదు. వాళ్ళమ్మ టీ తెస్తే గ్లాసు రెండు చేతులతో పట్టుకుని ఊదుకుంటూ తాగాడు. నేను గుమ్మం దగ్గరున్న గులకరాయి చూపించి ఇదేమిటో చెప్పమన్నాను. అసలు కథ అప్పుడు వాడి నోటే బయటపడింది. వాడు సారు గడిలో మొట్టమొదట రాసిన మాట: రాళ్ళు. సబ్జెక్టే కదా మరి!

“మనకెందుకమ్మా అవన్నీ? ఎండ జాస్తిగా ఉంది, లోపలికి రా” అన్నాడు.

బయటికి వస్తుంటే వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుంది. “అరవడం లేదు, అలగడం లేదు. పెట్టింది తింటాండాడు. బాగుండాడనే అంటారంతా. నాకే భయమయితాండాది పాపా” అంది. పెరట్లో చింతచెట్టు కింద రాళ్ళన్నీ కుప్పగా పోసి ఉన్నాయి. చిన్నప్పటివి కూడా.

పంతొమ్మిదో రోజు

నా గడిలో తొమ్మిది వరుసలున్నాయి, తిరుమలాంబ గడిలో అరవై ఒకటి. ఏది రాయబోయినా చెయ్యి ఆగుతోంది. చక్కెర లేని టీ ఎవరిది? చెప్పులు గోడకు వరుసగా పెట్టడం? మౌనం గంటలో ‘చాలు’ అనిపించడం మాత్రం ఇప్పుడు రోజూ వస్తోంది. నిన్న పైకే అన్నానట. పక్క మంచం పిల్ల బెదిరిపోయి వార్డెనమ్మకు చెప్పింది. తన గొంతులా లేదు మేడమ్ అందట.

సుంకన్న జ్ఞాపకం వచ్చినప్పుడల్లా ఈ పుస్తకం మూసేస్తున్నాను. వాడి రాళ్ళు సారువి కావేమో అని ఒక పురుగు తొలుస్తోంది. అయితే నా కనకాంబరాలు?

గింజ పుట్టినచోటికి ఒకసారి వెళ్ళిరావడానికి అనుమతి ఉంటుంది. ఏడో కేంద్రానికి రాసి అడిగాను.

ఇరవై నాలుగో రోజు

బస్సు దిగి మూడు కిలోమీటర్లు నడిచాను. చుట్టూ బండలు, మధ్యలో రేకుల గది, బావంత వెడల్పున్న ఇనుప గొట్టం. కంచె మీద అసలు గురివింద తీగ పాకి ఉంది. కాయలు పగిలి గింజలు ఎర్రగా నవ్వుతున్నాయి. నాలుగు కోసి జేబులో వేసుకున్నాను, సుంకన్నకు చూపిద్దామని. ఆ తర్వాత గుర్తొచ్చింది, చూపించినా నవ్వడని.

కేంద్రాన్ని కనిపెట్టుకుని ఉండేది మాబున్నీ. డెబ్భై దగ్గర పడింది. తిరుమలాంబ ఉన్న ఇరవై రెండేళ్ళూ ఆవిడకు సంగటి కెలికి పెట్టింది ఈవిడే. నన్ను చూడగానే ముందు నా పాదాలు చూసింది.

“చెప్పులు గోడకు పెడ్తివే. ఆయమ్మ గింజకు నువ్వు ఏడోదానివి కదా?” అంది.

సంగటి, రోట్లో నూరిన ఊరిబిండి పెట్టింది. నేను తింటుంటే అడిగింది: “మౌనం గంటకు నీకూ ఆ మాట వస్తాండాదా?”

“ఏ మాట అవ్వా?”

“చాలు.”

ముద్ద పళ్ళెంలోనే పెట్టేశాను. నీళ్ళు అందిస్తూ మాబున్నీ తన ధోరణిలో చెప్పుకుపోయింది.

“మిషను చెవికి పెట్టుకున్న ప్రతిసారీ అనేది ఆయమ్మ. చాలు మాబున్నీ, ఇంక చాలు, ఈ చప్పుడు నా తలకాయలోంచి పోతే చాలు అనేది. మూడు మాట్లు రాజీనామా రాసింది. నీయంత బాగా వినేవాళ్ళు యాడుండారని మూడు మాట్లూ చించేసిరి. రా, నీకొకటి చూపిస్తా.”

రేకుల గది వెనక పన్నెండు మట్టికుండీలు. అన్నిట్లోనూ కనకాంబరాలు. నారింజరంగులో, వాసన లేకుండా, గాలికి కదలకుండా.

“తాగే నీళ్ళు మిగిల్చి పోసేది. రెండు సెంట్ల జాగా ఉంటే ఇవి వేసుకుని, చెవిలో ఏమీ లేకుండా నిద్రపోతా అనేది. పోలేకపాయె. ఆ కుర్చీలోనే పోయింది, మిషను చెవికి ఉండంగానే.”

రెండు సెంట్లు. నేను రాసింది రెండు సెంట్లే. గురివింద గింజ తన కింది నలుపెరగదని ఊరికే అనలేదు పెద్దలు.

ఇరవై తొమ్మిదో రోజు

నాకు ముందు ఈ గింజతో చదివినవాళ్ళు ఆరుగురు. ఆరుగురూ తిరిగి ఇచ్చేసినవాళ్ళే. అందులో హైమావతక్క ఈ ఊళ్ళోనే ఉంది. పోస్టాఫీసు వెనక సందు. తలుపు తట్టకముందే సందు మలుపు నుంచే కనిపించింది, గోడ మీదుగా నారింజరంగు.

“తిరుమలాంబ మేడమ్ గింజా? రా, రా, మన పిల్లే” అంది అక్క. ఇరవై ఏడేళ్ళు ఉంటాయి. మోకాళ్ళ మీద చేతులాన్చి లేచింది. తక్కిన ఐదుగురితో ఉత్తరాలు నడుస్తాయట. అందరూ కనకాంబరాలే వేశారట. ఒకరికొకరు విత్తనాలు పంపుకుంటారట.

“చదువుకోకముందు నీకేం ఇష్టంగా ఉండేదక్కా?” అని అడిగాను.

అక్క పూలు కోయడం మొదలుపెట్టింది. “ఏదో ఉండేది” అంది. బాధగా కూడా అనలేదు. ఎక్కడో పెట్టి మరిచిపోయిన గొడుగు గురించి చెప్పినట్టు చెప్పింది.

సైరన్ మోగింది. ఊరంతా ఆగింది. అక్క పూలు కోస్తున్న చెయ్యి ఆగింది, పెదవులు కదిలాయి. నా పెదవులూ కదిలాయి. ఇద్దరి నోటా ఒకే మాట, ఒకే గొంతు. నేను పరుగెత్తాను. మౌనం గంటలో పరుగెత్తడం నేరం, అయినా పరుగెత్తాను.

ముప్పయ్యో రోజు

అమ్మకు ఫోన్ చేశాను. బొరుగుల బట్టీ దగ్గర ఉంది, వెనక చిటపటలు వినిపిస్తున్నాయి.

“అమ్మా, నాకు చిన్నప్పుడు పూలంటే ఇష్టమా?”

“నీకా? జడలో పెడితే పీకి పారేసేదానివి కదే! యాలమ్మే, పెండ్లిచూపులేమన్నా పెట్టినారా?”

“నా చెవి ఎట్ల కాలింది?”

“బోరు గొట్టానికి పెట్టి కాల్చుకుంటివి. ఐదేండ్లు నీకు. నడి ఎండాకాలం, ఇనుప గొట్టం నిప్పుకనికె మాదిరి ఉంది. చెవి ఆనించి కదలవే! చర్మం అంటుకుపోయినా ‘ఉండుమా, లోపల ఎవరో మాట్లాడ్తాండారు’ అంటివి. నాలుగు తగిలిచ్చి లాక్కొస్తి.”

ఫోన్ పట్టుకుని ఏడ్చాను. అమ్మ కంగారుపడి, పరీక్ష పోయిందేమోనని, పోతే పోనీలే అంది.

అప్పటికి తిరుమలాంబ నాలో లేదు. గోడకు చెవి ఆనించేది నేనే. చాలు అనేది ఆవిడ. సూచన అచ్చువేసినవాళ్ళకు తట్టనిది ఇదే: పనిచేసి పనిచేసి విసిగిన మనిషి మనలోకి పనినొక్కటే తెస్తుందా? విసుగునూ తెస్తుంది. మేమేమో పనంతా వాళ్ళ గడిలో రాసి, వాళ్ళ విసుగును మాదనుకుని ఇంటికి తెచ్చుకుంటున్నాం. సాయంత్రం షికార్లన్నీ ఎవరివో చనిపోయిన ముసలివాళ్ళవి.

ముప్పై మూడో రోజు

సుంకన్న జాబితా తిరిగి తెరవమని గింజల గదికి వెళ్ళి బతిమాలాను. గింజలు తీసే శేషఫణి మంచివాడే. గింజ అలమరకు పోతుంది గానీ, జాబితా ప్రకారం మనిషిలోంచి తీసినవి అదే రోజు కాల్చేస్తారట. ఇక ఏమీ చేయలేం అన్నాడు. ఇరవై రోజులు ముందుగా అమ్మకు ఫోన్ చేసి ఉంటే వాడి రాళ్ళు వాడికి ఉండేవి. నేను ఆ పూట వాడితో కలిసి నవ్వాను. అది నన్ను చాలాకాలం తింటుంది.

ముప్పై తొమ్మిదో రోజు

ఉంచుకోవచ్చు. ఉంచుకుంటే చదువు పోదు, ఉద్యోగం వస్తుంది. వెంట ఆవిడ కూడా వస్తుంది. నేను విన్న ప్రతి చుక్కకూ చాలు అంటూ, రోజూ, నేను చచ్చేదాకా. నలభై ఏళ్ళు వచ్చేసరికి ఆ మాట ఎవరిదో నాకు తెలియదు. తిరిగి ఇస్తే నాకు ఒక్క రాతిపొర పేరు కూడా మిగలదు. అంతకంటే ఘోరం, జూన్‌లో ఆవిడను ఎనిమిదో పిల్లకు పెడతారు.

చనిపోయాక కూడా ఆవిడ రాజీనామాను చించేస్తూనే ఉన్నారు.

సాయంత్రం కొత్త జాబితా రాశాను. తిరుమలాంబ గడిలో పొరల పేర్లు, లెక్కలు, పటాలు, చాలు, కనకాంబరాలు, నిద్ర. నా గడిలో ఒకే ఒక్క వరుస. వినాలని ఉంది.

నలభయ్యో రోజు, పొద్దున

ఇది కుర్చీలో కూర్చునే రాస్తున్నాను. శేషఫణి జాబితా చూసి తల అడ్డంగా ఊపాడు.

“వినడం సబ్జెక్టు కదమ్మా. గురువు గడిలోకి మార్చు. లేకపోతే నేను సంతకం పెట్టను.”

“మార్చను.”

“సాయంత్రం దాటిందంటే అది వేళ్ళు దిగుతుంది. తర్వాత నువ్వు ఏడ్చినా నేను తీయలేను.”

జుట్టు తీసి చెవి మచ్చ చూపించాను. ఐదేళ్ళప్పటి సంగతి చెప్పాను. వినడం ఎట్లాగో ఆవిడది, అదంతా తీసుకోండి, వినాలన్నది మాత్రం ఆవిడ రాకముందే నాకుంది అన్నాను. ఆయన తన దగ్గరున్న నిబంధనల పుస్తకం మూడుసార్లు చదివాడు. గురువు గడిలో జ్ఞానం రాయాలని ఉంది గానీ కోరిక సంగతి ఎక్కడా లేదు. చివరికి నా మచ్చ మీద వేలు పెట్టి చూశాడు. తర్వాత తన చెవి వెనక తడుముకున్నాడు. ఆయన ఎవరి గింజ ఉంచుకున్నాడో, ఏం పోగొట్టుకున్నాడో నేను అడగలేదు.

సంతకం పెట్టాడు. జాబితా పేజీ చింపుకున్నాడు. తక్కిన పుస్తకం నాదే.

నలభయ్యో రోజు, సాయంత్రం

తల తేలిగ్గా ఉంది. పైపేజీల్లో నా చేతిరాతే ఉంది, కొన్ని మాటలు అర్థం కావడం లేదు.

తీసిన గింజను రాగి భరిణెలో పెట్టి చేతికిస్తారు. చదువుకున్నవాళ్ళే దాన్ని మోసుకుంటూ నడవ దాటి, అలమరలో పెట్టి, దండం పెట్టి, ‘మీ చదువు మీకు’ అనాలి. భరిణె మూత తెరవకూడదు. తెరిచి చూడటం గురువును అవమానించడమట. అందుకని ఎవరూ తెరవరు.

నడవలో ఎవరూ లేరు. జేబులో మాబున్నీ కంచె మీది గింజలు నాలుగున్నాయి. అలమర దాకా వెళ్ళాను, భరిణె పెట్టాను, దండం పెట్టాను. చదువు సంగతి ఎత్తలేదు. “ఇక చాలు మేడమ్” అన్నాను.

నా జేబులో ఇప్పుడు కూడా నాలుగే ఉన్నాయి.

నలభై ఏడో రోజు

ఏడో కేంద్రంలో సహాయకురాలిగా చేరాను. పట్టా ఉండి ఊడ్చే పనికి వచ్చిందని ఇంజనీర్లు నవ్వుకున్నారట. నవ్వుకోనీ. దారిలో సుంకన్న ఇంటి దగ్గర ఆగాను. గులకరాయి ఒకటి వాడి అరచేతిలో పెట్టి వేళ్ళు మూశాను. మర్యాదగా తిరిగి ఇవ్వబోయాడు. నేను తీసుకోలేదు. వచ్చే వారం ఇంకొకటి తెస్తానన్నాను. “సరేమ్మా” అన్నాడు. ఎక్కడ పెట్టాలో తెలియక చాలాసేపు చేతిలోనే ఉంచుకున్నాడు.

మాబున్నీ, నేను పన్నెండో కుండీలో గుంట తీశాం. నాలుగు గింజల్లో ఏది ఏదో నాకు తెలియలేదు. మాబున్నీ ఒకదాన్ని ఏరింది. “ఇదే ఆయమ్మ” అంది. మట్టి కప్పి, నా తాగే నీళ్ళలోంచి ఒక గ్లాసు పోశాను. “నిద్రపో తల్లీ” అంది మాబున్నీ. కుండీ దగ్గర చాలాసేపు కూర్చుంది.

పొద్దున టీలో చక్కెర వేసుకోలేదని ఇప్పుడే గమనించాను. జాబితాలో రాయడం మరిచిపోయినట్టున్నాను. ఉండనీ.

జూన్‌లో ఎనిమిదో పిల్ల చెవి వెనక కంచె మీది గింజ పెడతారు. ఆ పిల్లకు ఏమీ తెలియదు. పాపం, చదువుకోవాల్సి వస్తుంది.

పన్నెండింటికి దూరంగా సైరన్ వినిపించింది. మిషను చెవికి పెట్టుకున్నాను. ఆ మాట వస్తుందేమోనని భయపడ్డాను. రాలేదు. కింద, చాలా కింద, ఏదో కదిలింది. నీళ్ళో, రాయో, ఇంకేమిటో నాకు తెలియదు. గంట అయిపోయాక మాబున్నీ వచ్చి మిషను తీసేయబోతే చెయ్యి అడ్డం పెట్టాను.

“ఉండవ్వా, లోపల ఎవరో మాట్లాడ్తాండారు” అన్నాను.